పురాణం అయ్యేలోపు కీమా కూర

మా వంటింట్లో ఒక పాత ఇనప మూకుడు ఉంది. ఒక చెవి ఊగుతుంది, అడుగు నల్లగా మాడిపోయి ఉంటుంది. రెండు వేల సంవత్సరం దాటాక ఇంట్లోకి నాన్‌స్టిక్ పాన్‌లు వచ్చాయి, గీతలు పడి పోయాయి కూడా. దీన్ని మాత్రం నేను పారేయనివ్వలేదు. కీమా కూర ఇందులో తప్ప వండను. పిల్లలు మ్యూజియంలో పెట్టమని వెక్కిరిస్తారు. పెట్టినా తప్పులేదు, అంత ఘనకార్యం చేసిన మూకుడది.

అసలది మాది కాదు. తొంభైల్లో మేము వన్ టౌన్‌లో ఒక పెంకుటింటి ముందు వాటాలో అద్దెకుండేవాళ్లం. పక్క వాటాలో ఒక ముస్లిం కుటుంబం. ఆయనకి ఇనప పెట్టెలు చేసే చిన్న షెడ్డుండేది, ఆవిడ ఇంట్లో మిషను కుట్టేది. వరండాల మధ్య నడుమెత్తు గోడ ఒకటి అడ్డం, అది దాటితే రెండు వాటాలకీ పెరడు ఒకటే, కుళాయి ఒకటే, ఆ కుళాయి పక్కన బొప్పాయి చెట్టు ఒకటి. ఆవిడ నాకంటే పదేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని.

అక్క వంట చేస్తుంటే నిలబడి చూడాలనిపించేది. సాయంత్రం ఆరింటిదాకా మిషను తొక్కి, లేచి నడుము విరుచుకుని, ఏడింటికల్లా ఆరుగురికి వేడి వేడిగా వడ్డించేది. హడావుడి లేదు, చప్పుడు లేదు. నేను ఉప్పు డబ్బా వెతుక్కునేలోగా ఆవిడ కూర సగం అయిపోయేది. నేను గవర్నర్‌పేటలో ఒక ఆఫీసులో టైపిస్టుని. అయిదున్నరకి సిటీ బస్సు దిగి, ఇంట్లో నాలుగు గిన్నెలు ముందేసుకుని, ఒకటి పొంగించి, ఒకటి మాడ్చి, చివరికి అందరి మీదా విసుక్కునే రకం. ఆవిడని చూస్తే నాకు అసూయ పుట్టిన మాట నిజం. కానీ అది నిలవనిచ్చేది కాదు, అంతలోనే గోడ మీంచి ఒక గిన్నె అందించేది.

ఒక వానాకాలంలో మా అత్తమామలు మైలవరం దగ్గరి మా ఊరి నుంచి వచ్చారు. మామయ్యగారికి హెర్నియా, ఆపరేషన్ చేయించాలి. డాక్టరు చూసి, రక్తం బాగా తక్కువుంది, ఈ ఒంటితో ఆపరేషన్ చెయ్యనన్నాడు. నెలరోజులు మాంసం, గుడ్లు బాగా పెట్టి తీసుకురమ్మన్నాడు. పెట్టడం మా చేతుల్లో ఉందనుకున్నాడు పాపం.

మామయ్యగారు మాంసం మానేసి అప్పటికి ఏడాది. మా వంశం మొత్తంలో ఆయనంత ఇష్టంగా తినే మనిషి లేడు. అలాంటాయన ఒక పెళ్లిలో మాంసం వడ్డించబోతే విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "నేను మానేశానయ్యా" అన్నారట. అత్తయ్య మొదట నోరు వెళ్లబెట్టింది, తర్వాత పొంగిపోయింది. ఇంత పెద్ద వయసులో ఇంత నిగ్రహం ఎవరికుంటుందని చుట్టాలందరికీ చెప్పుకుంది. మా వైపు ఇళ్లల్లో నీచు వండే గిన్నె వేరే ఉంటుంది, పెరట్లో మేకుకి వేలాడుతుంది. అత్తయ్య మా ఇంటికి రాగానే ఆ గిన్నెని తీసి అటకెక్కించింది. ఆయన ఎదుట మేము తింటే ఆయన మనసు చలిస్తుందని ఆవిడ భయం.

డాక్టరు మాట చెబితే ఆయన ఒక్కటే అన్నారు, "మానేశాక మానేసినట్టే." అత్తయ్య పాలు పోసింది, పప్పు పెట్టింది, నెయ్యి వేసింది. ఆయన మాత్రం రోజురోజుకీ చిక్కిపోయారు. మొలతాడు జారుతోందని ముడి రెండుసార్లు దగ్గరికి వేసుకున్నారు. మా వారు తండ్రిని బతిమాలారు, అరిచారు, చివరికి మాట్లాడటం మానేశారు. ఆ హెర్నియా బిగిసిందంటే ప్రాణం మీదికొస్తుందని డాక్టరు చెప్పిన మాట నన్ను నిద్రపోనిచ్చేది కాదు.

సంగతి కనిపెట్టింది అక్క. ఒకరోజు కుళాయి దగ్గర బిందె పెట్టి నాతో నెమ్మదిగా అంది.

"అమ్మాయ్, బాబాయిగారు మాంసం మానలేదే. నమలడం మానారు."

నాకర్థం కాలేదు.

"మొన్న నేను జంతికలిస్తే చేతిలో పట్టుకుని బాగున్నాయమ్మా అన్నారు. నేనిటు తిరగ్గానే కాకులకేశారు. ఇవాళ టీలో నానేసుకుంటున్నారు. ముందు పళ్లే ఉన్నాయాయనకి, దవడ పళ్లు లేవు. నువ్వు చూళ్లేదా?"

నేను చూడలేదు. అదే ఇంట్లో ఉండి, రోజూ వడ్డిస్తూ, చూడలేదు. ఆ రాత్రి భోజనంలో చూశాను. ఆవకాయ టెంకని పటపట కొరికే మనిషి ముక్కని చీకి కంచం అంచున పెట్టేశారు. నాకు తల తీసేసినట్టయింది.

మర్నాడు అత్తయ్య స్నానానికి వెళ్లినప్పుడు అక్క ఆయన్నే అడిగేసింది. నాకంత ధైర్యం ఎక్కడిది!

"బాబాయిగారూ, కోప్పడకండి. దేవుడికి మొక్కుకున్నారా, ఊరికే మానారా?"

ఆయన స్నానాలగది వైపు ఒకసారి చూసుకున్నారు. "మొక్కలేదమ్మా. మానేశానన్నానంతే."

"పళ్లు కట్టించుకోవచ్చుగదండీ?"

"ఊళ్లో నవ్వుతారు."

"నమలక్కర్లేని మాంసం పెడితే తింటారా?"

ఆయన చాలాసేపు తుండుగుడ్డ అంచు సవరించుకున్నారు. "మీ పిన్నిగారికి తెలిస్తే బాగుండదమ్మా. అందరికీ చెప్పుకుంది. దాని మాట పోతుంది."

చివరికి దారి అక్కే చెప్పింది. అత్తయ్య రోజూ సాయంత్రం ఆరింటికి పక్క వీధి గుళ్లో పురాణం వినడానికి వెళ్లేది, ఏడింటికి వచ్చేది. ఆ గంటలో వండాలి, పెట్టాలి, కడగాలి. మా ఇంట్లో మాంసం వాసన వస్తే దొరికిపోతాం, అక్క వంటింట్లోంచి వస్తే ఎవరికీ అనుమానం రాదు. పొయ్యి ఆవిడది, మూకుడు ఆవిడది, వండేది నేను. ఎవరి మూకుడైతే ఏమిటన్నారు మామయ్యగారు. సోమవారం, శనివారం మాత్రం వద్దన్నారు. దొంగతనానికి కూడా ఒక పద్ధతుండాలని ఆయన ఉద్దేశం.

మొదటి రోజు అక్క ఒక పెళ్లివారికి జాకెట్లివ్వడానికి వెళ్లింది. వాళ్లాయన తెచ్చిన కీమా పొట్లం గట్టు మీదుంది. ఇంత చిన్న పనికి ఆవిడెందుకని నేనే మొదలుపెట్టాను. మాంసం కడగడం మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. పసుపూ ఉప్పూ వేసి పిసికి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. మా వైపు ఆడవాళ్లు ఇల్లాలి శుభ్రతని ఎన్ని నీళ్లు పోసిందన్న లెక్కతోనే కొలుస్తారు. కీమాని బేసిన్లో వేసి కుళాయి కింద పెట్టాను. ఎర్రటి నీళ్లు పారబోశాను, మళ్లీ పట్టాను, మళ్లీ పారబోశాను. నాలుగోసారికి కాకులన్నీ తూము దగ్గర చేరితే అప్పుడు చూశాను. సగం కీమా వాటి పాలయింది. మిగిలిన సగం నీళ్లు పీల్చుకుని, మూకుట్లో వేగనంది, ఉడికింది, పాలిపోయి గట్టి పూసల్లా తయారయింది. మామయ్యగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, బుగ్గనుంచుకుని, "బాగుందమ్మా" అన్నారు. తర్వాత ఆ ముద్ద కాగితంలో చుట్టి గోడవారన కనిపించింది.

అక్క వచ్చి విని, కుళాయి గట్టు మీద కూలబడి నవ్వింది.

"కీమాని కడిగావా! పిండిని కడుగుతారటే ఎవరన్నా?"

"మరి కడక్కుండా ఎలా తింటారక్కా?" అన్నాను ఉక్రోషంగా.

"ముక్కగా ఉన్నప్పుడే కడిగించాలే పిచ్చిదానా. కొట్టువాడు నా ఎదురుగా కడిగి, తుడిచి, అప్పుడు మొద్దు మీద పెట్టి కొడతాడు. ఇంటికొచ్చాక దానికి చుక్క నీళ్లు తగలకూడదు."

మర్నాడు నన్ను పక్కన నిలబెట్టుకుని తనే చేసి చూపించింది. ఆ చేతులు ఇప్పటికీ నా కళ్లముందున్నాయి. చెట్టున ఉన్న పచ్చిబొప్పాయి కోసి ఒక ముక్క తురిమి కీమాకి పట్టించి మూతపెట్టింది, మాంసం మెత్తబడటానికి. అది నానేలోగా కూరలు తరిగించింది. లేత బీరకాయ, రెండు టమాటాలు, ఒక క్యారెట్టు, గుప్పెడు పచ్చిబఠానీ, మెంతికూర. నేను మామూలుగా తరుగుతుంటే కత్తిపీట మీంచి నన్ను లేపేసింది. కీమా ఎంత సన్నమో కూర అంత సన్నం ఉండాలట. నోట్లో ఏది మాంసమో ఏది క్యారెట్టో తెలియకూడదట.

మూకుట్లో నూనె కాగాక ఉల్లిపాయలు, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి. అవి రంగు తిరగ్గానే కీమా వేసి మంట పెద్దది చేసి, గరిటె అంచుతో ఉండలు చిదుపుతూ కదిపింది. దాని నీరు అది వదిలి, ఆ నీరు ఇగిరి, నూనె పక్కలకి తేలేదాకా ఇంకేమీ వెయ్యనివ్వలేదు. ఆ తర్వాతే పసుపు, కారం, ఉప్పు, కూరలన్నీ. చుక్క నీళ్లు పొయ్యలేదు. బీరకాయా టమాటా ఇచ్చిన నీళ్లతోనే మూత కింద మెత్తగా మగ్గింది. దించే ముందు మెంతికూర తుంచి వేసింది. ఒకే మూకుడు, ఒకే గరిటె. గడియారం చూస్తే ఆరూ ముప్పావు కూడా కాలేదు.

అన్నంలో కలిపి మెత్తగా పిసికి పెరటి వరండాలో కంచం ఆయన ముందు పెట్టాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని ఆగారు. నమలాలేమోనని భయపడినట్టున్నారు. నాలుకతో నొక్కితే కరిగిపోయింది. రెండో ముద్ద, మూడో ముద్ద. తల ఎత్తలేదు. కంచం సగమయ్యాక కళ్లు తుడుచుకుంటూ, "కారం కాస్త ఎక్కువైందమ్మా" అన్నారు. కారం అసలు వెయ్యనట్టే వేశాం. అక్క ఆయనకి వినపడేలా, "రేపు తగ్గిస్తాం బాబాయిగారూ" అని లోపలికి వెళ్లి పమిటతో ముఖం తుడుచుకుంది. ఆరోజు నుంచి నాకావిడంటే ఉన్నది గౌరవమో ప్రేమో నేను తేల్చుకోలేదు.

ఇలా పది పన్నెండు రోజులు నడిచింది. ఒకటే ఇబ్బంది. ఆయన నెమ్మదిగా తింటారు. ఒకరోజు కంచంలో ఇంకా సగం ఉండగానే వీధి గేటు చప్పుడైంది, అత్తయ్య చెప్పులు విడిచిన చప్పుడు కూడా. ఆయన కంగారుగా రెండు ముద్దలు మింగేశారు, పొలమారింది. ఊపిరాడక ముఖం కందిపోయింది. నేను కంచం గోడ మీంచి అక్క చేతికందించాను. అత్తయ్య లోపలి నుంచి పరిగెత్తుకొచ్చి నెత్తి మీద తట్టి, నీళ్లు తాగించి, వీపు రాసింది. ఏం తింటున్నారని అడగలేదు. అదృష్టం బాగుందనుకున్నాను.

మర్నాడు బయల్దేరుతూ నాతో అంది, "అమ్మాయ్, ఇవాళ్టి నుంచి పురాణం ఇంకో అరగంట ఎక్కువంట. ఏడున్నరకి గానీ రాను."

నేనూ అక్కా దేవుడే మాకు టైము పెంచాడని సంబరపడ్డాం. మామయ్యగారు తాపీగా తినడం మొదలుపెట్టారు, రెండోసారి వడ్డించమనేవారు కూడా. నెల తిరిగేసరికి బుగ్గలు నిండాయి, మొలతాడు ముడి వదులు చేసుకున్నారు. డాక్టరు రక్తం పరీక్ష చూసి వచ్చేవారం రమ్మన్నాడు. ఆపరేషన్ బాగానే జరిగింది, ఆ తర్వాత ఆయన చాలా ఏళ్లు తిరిగారు. మేము ఆ వాటా ఖాళీ చేసిన రోజు అక్క ఈ మూకుడు నాకిచ్చేసింది. కానీ నేను చెప్పాలనుకున్నది ఆపరేషన్‌కి రెండ్రోజుల ముందు సంగతి.

ఆ సాయంత్రం ఏడు దాటగానే వాన పట్టుకుంది. అత్తయ్య గొడుగు తీసుకెళ్లలేదు. మామయ్యగారికి రెండోసారి వడ్డించి, ఆయన్ని అక్కకి అప్పగించి, నేను గొడుగేసుకుని గుడికి వెళ్లాను. మైకు వినపడటం లేదు. లోపల జంపఖానాలు చుట్టి మూలన పెట్టి ఉన్నాయి. పురాణం చెప్పే ఆయన లేడు, వినేవాళ్లు లేరు. పూజారిగారు నన్ను చూసి, "పురాణం ఎప్పటిలాగే ఏడింటికే అయిపోయిందమ్మా. మీ అత్తగారు రోజూ అక్కడే కూర్చుంటారు" అని మండపం పక్కకి చూపించారు.

అత్తయ్య మెట్టు మీద ఒక్కతే, గోడకి ఆనుకుని, జల్లు పడకుండా కొంగు నెత్తిన కప్పుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"ఏమ్మాయ్, అప్పుడే వచ్చావ్? తిన్నారా ఆయన?"

"తింటున్నారండీ" అన్నాను.

"బఠానీలు మెత్తగా ఉడికినయ్యా? ఆమధ్య పొలమారింది వాటికే."

"ఉడికాయత్తయ్యా."

"అయితే ఇలా కూర్చో. ఇప్పుడెళ్తే మళ్లీ గబగబా మింగుతారు" అని పక్కకి జరిగి చోటిచ్చింది.

నేను గొడుగు ముడిచి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఏడున్నర అయ్యేదాకా ఇద్దరం లేవలేదు.