ఫిడేలు మాస్టారికి ఉగాది శుభాకాంక్షలు

నా చిన్నప్పుడు రాజమండ్రిలో మేముండే వీధిలో ఐదారు ఇళ్లవాళ్లకి సంగీతమంటే ప్రాణం. మా నాన్నగారు బడిపంతులు, మృదంగం వాయించేవారు. ఎదురింటి ప్లీడరుగారికి పాడడం రాదు గాని తాళం వేస్తే ఒక్క దెబ్బ తప్పేది కాదు. మూలింటి బట్టలకొట్టాయన ఊళ్లో ఎక్కడ కచేరీ ఉన్నా కొట్టు కట్టేసి వెళ్లిపోయేవారు. వీళ్లందరూ ఉగాది పొద్దున్న కలిసి బయల్దేరి ఒక్కొక్క ఇంటికీ వెళ్లేవారు. గుమ్మంలో నిలబడి ఏదో ఒక రాగంలో నాలుగు స్వరాలు పాడడమే వాళ్ల శుభాకాంక్షలు. లోపలివాళ్లు ఆ రాగం పట్టుకుని అందులోనే జవాబు పాడాలి. ఆ తర్వాతే ఉగాది పచ్చడి.

చివరి ఇల్లు ఎప్పుడూ ఫిడేలు మాస్టారిది. ఆయన జవాబు ఫిడేలు మీద ఇచ్చేవారు. గుమ్మంలో మొదలుపెట్టినది అరగంటైనా ముగిసేది కాదు. నేను ఆరో ఏట నుంచి ఆయన దగ్గర పాట నేర్చుకునేదాన్ని.

నాకు తొమ్మిదేళ్లప్పుడు, మాఘమాసంలో ఒకరోజు మాస్టారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మూతి ఓ పక్కకి లాగేసింది. మాట పోయింది. ఏదైనా చెప్పాలనుకుంటే "ఆ... ఆ..." అని గొంతులోంచి ఒక అరుపు మాత్రం వచ్చేది. వీధిలోకి వినపడే ఆ అరుపుకి పిల్లలం ఆటలు ఆపి ఇళ్లల్లోకి పరుగెత్తేవాళ్లం.

ఒక సాయంత్రం మా అమ్మ గిన్నెలో చారు పోసి మాస్టారింట్లో ఇచ్చి రమ్మంది. అరుగు మీద పెట్టి వచ్చేద్దామనుకున్నాను. వంగి గిన్నె పెడుతుంటే కిటికీలోంచి ఆయన నన్ను చూశారు. ఆ వంకర మూతి తెరుచుకుంది, ఆ అరుపు వచ్చింది. నేను గిన్నె వదిలేసి పారిపోయాను. చారంతా అరుగు మీద ఒలికిపోయింది. వెనక ఆ అరుపు మళ్లీ మళ్లీ వినిపిస్తూనే ఉంది. ఆయన నన్ను తిడుతున్నారనే అనుకున్నాను. మర్నాటికి జ్వరం తగిలింది. తగ్గాక కూడా బడికి ఆ ఇంటి ముందునుంచి కాకుండా వెనక సందులోంచి వెళ్లేదాన్ని. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెబితే క్షమాపణ అడగమని ఆయన ముందు నిలబెడతారని భయం.

ఉగాది వచ్చింది. అందరూ మా ఇంట్లో చేరారు. ఒక్కొక్క ఇల్లూ అనుకుంటూ చివరి ఇంటి దాకా వచ్చారు. ప్లీడరుగారే అన్నారు.

"ఈసారి మాస్టారింటికి వద్దేమోనండి. పాట వింటే పాపం ఆయన ప్రాణం కొట్టుకుంటుంది."

"నిజమేనండి, ఇబ్బంది పెట్టినట్టవుతుంది," అన్నారు బట్టలకొట్టాయన. మా నాన్నగారు కూడా తల ఊపారు. నాకైతే గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

మా మేనత్త అంతసేపూ గుమ్మానికి ఆనుకుని వింటోంది. అత్తయ్య మాతోనే ఉండేది. ఆడపిల్లల బడిలో సంగీతం చెప్పేది. వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"మీరు మిగతా ఇళ్లు చూసుకోండన్నయ్యా. మాస్టారింటికి మేమిద్దరం వెళ్లొస్తాం."

వీధిలోకి వచ్చాక, "అత్తయ్యా, నాకు కడుపునొప్పిగా ఉంది," అన్నాను.

"ఉండనీ. కడుపునొప్పితోనే వెళ్దాం."

ఇంక ఆగలేక ఏడుస్తూ చారు సంగతంతా చెప్పేశాను. ఆయన తిట్టారని, ఇప్పుడు వెళ్తే కొడతారని కూడా అన్నాను. అత్తయ్య నడక ఆపింది. నన్ను ఇంటికి పంపించేస్తుందేమోనని ఆశగా చూశాను. పమిట చెంగుతో నా మొహం తుడిచి, మళ్లీ చెయ్యి పట్టుకుని నడిచింది.

మాస్టారు ముందుగదిలో చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నారు. కుడిచెయ్యి ఒళ్లో పడి ఉంది. గోడ మీద ఫిడేలు పెట్టె కనిపించలేదు, ఎక్కడో దాచేశారు. మమ్మల్ని చూడగానే ఆ అరుపు వచ్చింది. నేను వెనక్కి గుంజుకున్నాను. అత్తయ్య వదల్లేదు. వంగి నా చెవిలో చెప్పింది.

"మొహం వంక చూడకే. ఎడంచేతి వంక చూడు. ఆ చెయ్యి నువ్వెరిగున్నదే."

చూశాను. కుర్చీ చెయ్యి మీద ఆ ఎడంచెయ్యి మునుపటిలాగే ఉంది. తీగలు నొక్కి నొక్కి కాయలు కాసిన వేళ్లు. ఎన్నో సాయంత్రాలు ఆ వేళ్లకేసి చూస్తూ పాడాను.

"మోహనలో పాడు," అంది అత్తయ్య.

మోహన పండగలాంటి రాగం, సంతోషంగా ఉంటుంది. మొదలుపెట్టాను గాని భయానికి గొంతు వణికి గాంధారం కిందికి జారిపోయింది. ఆ ఒక్క స్వరం జారితే చాలు, మోహన కాస్తా శివరంజని అయిపోతుంది, ఏడుపులా వినిపిస్తుంది. నేను పాడింది అదే. రెండోసారీ అంతే.

టక్‌మని చప్పుడైంది. మాస్టారు వేలి మెటికతో కుర్చీ చెయ్యి మీద గట్టిగా కొట్టారు. నా పాట ఆగిపోయింది. కోపం వచ్చిందనుకున్నాను. మళ్లీ రెండుసార్లు, టక్, టక్. అప్పుడు గుర్తొచ్చింది. పాఠంలో నేను తప్పు పాడితే ఆయన తిట్టేవారు కాదు. ఇలాగే మెటికతో కొట్టి, ఫిడేలు మీద వేలెక్కడ పెట్టాలో చూపించేవారు. ఇప్పుడూ చూపుడువేలు కుర్చీ చెక్క మీద ఆనించి, కొంచెం ముందుకి జరిపారు. గాంధారం ఇంకా పైనుంది, అక్కడ పట్టుకోమని.

పట్టుకున్నాను. ఆయన వేలు ఆ చోటే ఉండిపోయింది. తర్వాత వేళ్లన్నీ కదిలాయి. చప్పుడు లేకుండా చెక్క మీద పరుగెత్తాయి. నాకు అర్థమైనంత మటుకు ఆ వేళ్లు ఎక్కడికి వెళ్తే అక్కడికి గొంతుతో వెళ్లాను. అర్థం కాని చోట అత్తయ్య అందుకుంది. ఆయన జవాబు పాడుతున్నారు, మా గొంతులతో.

వంటింట్లోంచి మాస్టారి భార్య, మేం మామ్మగారనేవాళ్లం, చేతినిండా చింతపండు పులుసుతో పరుగున వచ్చి గుమ్మంలో ఆగిపోయారు.

"తప్పు పాడిందంటున్నారే! తప్పు పట్టారే ఈయన!" అని నవ్వుతూ ఏడ్చేశారు. "రెండు నెలలైందమ్మా ఈ ఇంట్లో పాట వినిపించి. ఒక్కళ్లూ రాలేదు."

వెనక్కి తిరిగితే వాకిట్లో మా నాన్నగారు, ప్లీడరుగారు, బట్టలకొట్టాయన నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలీదు. మామ్మగారు లోపలికి రమ్మన్నా ఎవరూ తల ఎత్తలేకపోయారు. చివరికి ప్లీడరుగారు వచ్చి మాస్టారి పాదాల దగ్గర నేల మీద కూర్చుని తాళం అందుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు అత్తయ్య జాకెట్టు చెమటతో తడిసి వీపుకి అంటుకుపోయి ఉంది.

"నీ చెయ్యి ఎందుకు పట్టుకున్నాననుకున్నావే?" అంది. "నాకు ఒక్కదాన్నే వెళ్లడానికి భయమేసింది. ఇన్నాళ్లూ నేను మాత్రం వెళ్లానా?"

పెద్దవాళ్లకి కూడా భయం వేస్తుందని నాకు ఆరోజే తెలిసింది. మాస్టార్ని బాధపెడతామని వాళ్లు చెప్పుకున్నది కూడా ఆ భయమేనని ఇంకా చాలా ఏళ్లకి గాని తెలియలేదు. ఆ వారం నుంచి మళ్లీ పాఠానికి వెళ్లాను. భయం పూర్తిగా పోయిందంటే అబద్ధమవుతుంది. ఆయన అరిచినప్పుడల్లా గుండె జల్లుమనేది. అయినా లేచి రాలేదు. తర్వాతి ఉగాదికి ఆయన లేరు.

ఇప్పుడు నాకు డెబ్భై దగ్గరపడ్డాయి. భీమవరంలో ఉంటున్నాను. పాటలవాళ్లం ఓ ముప్ఫైమందిమి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. ఉగాది పొద్దున్న శుభాకాంక్షలు వరసగా వచ్చిపడతాయి. అవన్నీ చదివి, ఎవరి పేరు లేదా అని చూస్తాను. కిందటేడు ఒకావిడ పేరు లేదు. నాతో ఇరవైయేళ్లు పాడిన మనిషి. మతిమరుపు జబ్బొచ్చి కన్నకూతుర్నే గుర్తుపట్టడం లేదట. వెళ్తే నన్నూ పోల్చుకోదేమో, ఏం మాట్లాడాలి, ఎలా చూడాలి అని ఆటోలో వెళ్తున్నంతసేపూ భయపడుతూనే ఉన్నాను. దిగాక వాళ్ల గేటు దగ్గర కాసేపు నిలబడిపోయాను కూడా. ఆ భయం తగ్గేదాకా ఆగుదామని మాత్రం అనుకోలేదు. లోపలికి వెళ్లి బెల్లు నొక్కాను.