మందు ఎక్కడ పెట్టావు?

1986 జనవరిలో నన్ను గుంటూరు జిల్లాలో ఒక పెద్దాసుపత్రి మానసిక విభాగంలో అసిస్టెంటు ప్రొఫెసరుగా వేశారు. ఓపీలో రోగిని మొదట చూసేది అసిస్టెంటు. చేర్చుకోవడం మీద చివరి మాట ప్రొఫెసరుది. జనం మాత్రం నన్ను పిచ్చి డాక్టరమ్మ అనేవారు. ఆ బిరుదుకి అలవాటు పడక తప్పలేదు.

ఒక చలి ఉదయం దానియేలు అనే కౌలురైతు వినుకొండ వైపు నుంచి భార్య సువార్తమ్మను తీసుకొచ్చాడు. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. నిద్ర లేదు, ఊరికే ఏడుపు, ఒళ్ళంతా మంట. మిరపకాయల తొడిమలు తీసే మనిషి కాబట్టి మంట వాటిదేనని చూసినవాళ్ళంతా తేల్చేశారట. మిరప మంట చేతులకీ కళ్ళకీ పడుతుంది గాని, ఈమెకి లాగా రొమ్ము మీంచి ముఖానికి ఎగబాకదు. మేమంతా స్వెట్టర్లలో ఉంటే ఆమె పైపెదవి మీద చెమట పట్టింది. గర్భసంచి తీయించుకున్నావా అని అడిగితే దసరాకి ముందు తీశారంది. ఆపరేషను చేసిన డాక్టరుకి ట్రంకుకాల్ చేశాను. అండాశయాలు కూడా తీసేశారని అప్పుడు తెలిసింది.

అండాశయాలు పోతే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోతుంది. మనసును నిలకడగా ఉంచే సెరటోనిన్ మెదడులో తయారవడానికీ, త్వరగా విరిగిపోకుండా ఉండడానికీ ఆ హార్మోను తోడ్పడుతుంది. అందరికీ కాదు గాని, కొందరికి ఆ ఆసరా పోతే మనసు కూలబడుతుంది. మా ప్రొఫెసరు ఈ మాట సగమే నమ్మారు. అయినా డిప్రెషన్ మాత్రలతో పాటు, స్త్రీవైద్య విభాగాన్ని అడిగి ఈస్ట్రోజెన్ కూడా ఇవ్వమన్నారు.

మాత్రలు పని చేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది. భర్త చీటీ తీసుకుని మందుల కోసం వెళ్ళగానే సువార్తమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"పత్తిమందు డబ్బా ఇంట్లోనే అటక మీదుందమ్మా. దానివంక చూడకుండా ఉండలేకపోతన్నా. నాకు నేనంటేనే భయంగా ఉంది."

పత్తికి కొట్టే ఆ పురుగుమందు తాగినవాళ్ళను క్యాజువాలిటీలో చూసినదాన్ని. చేర్చుకుందామంటే ప్రొఫెసరు సరేనన్నారు, మందులు తీసుకుని వచ్చిన దానియేలు ససేమిరా అన్నాడు. పెళ్ళాన్ని పిచ్చాసుపత్రిలో పడేశాడని ఊళ్ళో అంటారట. అతన్ని పక్కకి పిలిచి, మందు ఎక్కడ పెట్టావని అడిగాను.

"ఇదుగోండి," అని చొక్కా జేబులోంచి మాత్రల పొట్లం తీసి చూపించాడు.

"ఆ మందు కాదయ్యా. పత్తిమందు."

అతని ముఖం పాలిపోయింది. ఇంటికెళ్ళగానే తీసేస్తానన్నాడు, రాత్రుళ్ళు ఆమెను ఒంటరిగా వదలనన్నాడు. ఆ మాట మీదే పంపించాను. రోజూ వార్డుకి పోయేముందు క్యాజువాలిటీలోకి తొంగిచూసేదాన్ని. మంచం మీద ఆడమనిషి కనబడితే దగ్గరికెళ్ళి ముఖం చూసేదాన్ని.

నాలుగోవారం సువార్తమ్మ నడిచి వచ్చింది. నిద్ర పడుతోందట, మంట తగ్గిందట. డబ్బా ఎక్కడ పెట్టాడో ఆయన చెప్పలేదనీ, తాను అడగలేదనీ చెప్పింది.

మాత్ర రాసినంత మాత్రాన రోగికి రక్షణ దొరికినట్టు కాదని ఆ కేసు నేర్పింది. రిటైరయ్యేదాకా ఏ రైతు ఇంటికి మాత్రలు రాసినా, కలం ముట్టుకోకముందే ఆ ప్రశ్న అడిగాను. ఏ మందో కూడా విడమరిచి చెప్పేదాన్ని.