టేపు ఆగిన చోటు

మొన్న ఆదివారం నయా రాయపూర్‌లో మా అక్క కూతురి ఫ్లాటుకి వెళ్తే, పిల్లా దాని మొగుడూ సోఫాలో పక్కపక్కన కూర్చుని ఏదో పాత ఇంగ్లీషు సినిమా పెట్టుకుని పగలబడి నవ్వుతున్నారు. సిల్కు గౌనులో ఒకావిడ, సగం చీకటి గది, దిండు కింద కత్తి. సరిగ్గా ఈ సినిమానే కాకపోయినా ఈ జాతిని చూడగానే పోల్చుకున్నాను. ఇలాటివి మన వీడియో షాపులో ఉండేవా అని పిల్ల అడిగితే మా అక్క, "ఛీ, మన కొట్లో అలాటివెందుకుంటాయే" అనేసి వంటింట్లోకి వెళ్లిపోయింది. అవే లేకపోతే ఆ రోజుల్లో మా పొయ్యి వెలిగేది కాదని అక్కకు తెలియదా ఏమిటి.

కొత్త రాష్ట్రం ఏర్పడి రాయపూర్ రాజధాని అయిన తొలి రోజులవి. ఊరు అంత సందడిలో ఉన్న ఆ ఏడే నా కాపురం ముగిసింది. మా ఆయన బిలాస్‌పూర్‌లో ఇంకో ఇల్లు పెట్టుకుంటే, గొడవెందుకని పెట్టె సర్దుకుని రాయపూర్ గుఢియారీ పేటలో అక్కావాళ్లింటికి వచ్చేశాను. ముందు గదిలో బావగారి వీడియో లైబ్రరీ, వెనక గదుల్లో మేము. కొత్త సినిమాలకు జనమంతా సీడీల వెంట పడుతుంటే, మా దగ్గర ఇంకా కదులుతున్నవి పదేళ్ల కిందటి ఆ ఇంగ్లీషు క్యాసెట్లే. మగవాళ్లు వాటిని పేరుపెట్టి అడిగేవారు కాదు. "భయ్యా, కోయీ సస్పెన్స్ హై క్యా" అని గొంతు తగ్గించి అడగడం, బావగారు బల్ల కిందనుంచి తీసి హిందీ పేపర్లో చుట్టి ఇవ్వడం, అదీ వరస. కౌంటరులో నేను కనబడితే మాత్రం అగ్గిపెట్టె ఉందా అని అడిగి వెళ్లిపోయేవారు. వీడియో షాపులో అగ్గిపెట్టె ఏమిటో నాకిప్పటికీ అర్థం కాదు.

తిరిగొచ్చిన క్యాసెట్లను వెనక్కి తిప్పి, టేపు ఎక్కడైనా నలిగిందేమో చూసి పెట్టడం నా పని. మధ్యాహ్నం అక్క నడుం వాల్చాక తలుపు దగ్గరగా వేసి, సౌండు పూర్తిగా తగ్గించి చూసేదాన్ని. మొదట్లో సిగ్గుపడ్డాను, తరువాత అలవాటైపోయింది. ఎవరూ రివైండు చేసి ఇచ్చేవారు కాదు కనుక ఎవరు ఎక్కడ ఆపారో నాకు తెలిసిపోయేది. అన్నీ ఒకే రకం చోట ఆగి వచ్చేవి, ఆ చోటేమిటో నా వయసువాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. సస్పెన్స్ కావాలని పట్టుకెళ్లినవాళ్లలో హంతకుడెవరో చూసే ఓపిక ఒక్కరికీ ఉండేది కాదు. గుఢియారీ మొత్తంలో ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఒక క్యాసెట్టు మాత్రం అప్పుడప్పుడూ వేరే చోట ఆగి వచ్చేది. ఇంకా కథ మొదలవకముందు, భర్త వానలో తడిసి ఇంటికొస్తాడు, భార్య తువ్వాలుతో అతని తల తుడుస్తుంది, తుడుస్తూ తుడుస్తూ నెత్తిమీద చిన్న మొట్టికాయ వేస్తుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. అంతే. అక్కడికొచ్చేసరికి నేనూ టేపు వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూసేదాన్ని. నా తల అలా తుడిచినవాళ్లు లేరు, నేను తుడుస్తానంటే తల వంచినవాళ్లూ లేరు.

దాన్ని అక్కడ ఆపి తెచ్చేది రైల్వేలో గార్డు, మా విజయనగరం వైపు మనిషే. భార్య పోయి ఒంటరిగా క్వార్టర్లో ఉంటారని బావగారు ఒకసారి అన్నారు. ఎన్నిసార్లు పట్టుకెళ్లినా అదే క్యాసెట్టు, అదే తువ్వాలు దగ్గర ఆగడం. ఇంత ఊళ్లో నేను మనసు విప్పి మాట్లాడగలిగితే ఈయనతోనే అని నాకు గట్టిగా అనిపించింది. పెళ్లీ గిళ్లీ వరకూ ఆలోచించలేదని చెప్పొచ్చుగాని, అబద్ధమెందుకు, ఆలోచించాను.

ఒక సాయంత్రం బావగారు లేని వేళ ఆయన క్యాసెట్టు ఇచ్చేయడానికి వచ్చారు. ఏం మాట్లాడాలో మనసులో ఎన్నోసార్లు అనుకున్నదాన్ని, తీరా ఆయన ఎదురుగా నిలబడేసరికి అదంతా ఎటో పోయి, "ఏటండీ, ఈసారి కూడా ఆఖరిదాకా చూడనేదా" అనేశాను.

అలాంటి సినిమాలు మగవాళ్లు ఎక్కడ ఆపుతారో ఆయనకూ తెలుసు కదా. నేను దాన్నే దెప్పుతున్నాననుకున్నారు. మొహం కందిపోయింది. "నేదమ్మా, కరెంటు పోయింది" అని క్యాసెట్టు బల్లమీద పెట్టి, తలెత్తకుండా మెట్లు దిగిపోయారు. కాదండీ అంటూ కౌంటరు వెనకనుంచి బయటికి వచ్చేసరికి ఆయన సందు మలుపు తిరిగిపోయారు. మళ్లీ మా షాపు గుమ్మం ఎక్కలేదు. కొన్నాళ్లకు బదిలీ మీద వెళ్లిపోయారని విన్నాను.

ఇప్పుడు ఎవరికి కావలసింది వాళ్ల ఫోనులోనే ఉంటుంది, ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరికీ తిరిగివ్వనక్కర్లేదు. సిగ్గుతో చచ్చే బాధ తప్పింది, మంచిదే. అయితే ఒక మనిషి ఎక్కడ ఆగిపోయాడో ఇంకో మనిషికి తెలిసే వీలు కూడా లేకుండా పోయింది. ఆరోజు నేను అనాలనుకున్నది ఎంతో చిన్న మాట, నేనూ అక్కడే ఆపుతానండీ అని. ఇన్నేళ్లలో ఆ మాట మళ్లీ ఎవరితోనూ అనవలసిన అవసరం రాలేదు.