ఫీజుల రాయితీ, అవ్వ పట్టుచీర

ఫీజు తగ్గించుకుందామని పోయి, ఉన్న ఫీజు ఉన్నట్టే ఒప్పుకొని, మీదికెల్లి ఇంకింత ముట్టజెప్పి వచ్చినోన్ని మీరెక్కడన్న చూసిన్రా? చూడకపోతే ఇప్పుడు చూడుండ్రి. నేనే. పేరు తిరుపతి. మాది లక్షెట్టిపేట దిక్కు గోదారి ఒడ్డు ఊరు. ఇప్పుడైతే బుద్ధిగ ఉద్యోగం చేసుకుంటున్న గని, కరోనా కాలంల నా అంత తెలివిగల్లోడు జిల్లాల ఇంకొకడు లేడని నాకు గట్టి నమ్మకముండె. ఆ నమ్మకం ఒక్క పొద్దుగాల ఎట్ల మట్టిల కలిసిందో చెప్త. నవ్వితే నవ్వుండ్రి గని, నన్ను కన్న మా అవ్వను మాత్రం అడగకుండ్రి. ఆమె నాకంటే మంచిగ చెప్తది, అందుకని.

గప్పుడు నేను కరీంనగర్ల ఒక ప్రైవేట్ కాలేజీల ఇంజనీరింగ్ రెండో ఏడు చదువుతున్న. చదువుతున్న అంటే, కాలేజి కరీంనగర్ల ఉన్నది, నేను మా ఇంట్ల మంచం మీద ఉన్న, మధ్యల ఫోన్ ఉన్నది. ఒకపారి సారు మొఖం ఆగిపోయి మాట వచ్చేది, ఒకపారి మాట ఆగిపోయి మొఖం కదిలేది. రెండూ ఒక్కసారి వచ్చిననాడు మాకు పండుగ.

గసొంటి దినాలల్ల కాలేజి నుంచి మెసేజ్ వచ్చింది, ఫీజు మొత్తం కట్టాలని. ట్యూషన్ ఫీజు, ల్యాబ్ ఫీజు, లైబ్రరీ ఫీజు, ఆఖరికి ఆటల ఫీజు సుత. కాలేజి గ్రౌండ్ల అడుగు పెట్టి ఏడాది దాటింది. గ్రౌండ్ల బర్లు మేస్తున్నయని వాచ్‌మన్ చెప్పిండట. "ఆటల ఫీజు బర్ల తాన వసూలు చేయుండ్రి" అని నేను క్లాసు గ్రూపుల రాస్తే అందరు నవ్విన్రు. ఆ నవ్వులు చూసి నాకు ఎలక్షన్ గెలిచినంత గర్వమైంది.

కట్టుడు మాత్రం నవ్వులాట కాదు. మా బాపు మస్కట్ల ఒక కంపెనీల డ్రైవర్. కరోనా వచ్చినంక కంపెనీ జీతాలు ఆపింది. చేద్దామంటే పని లేదు, వద్దామంటే విమానం లేదు. రూముల కూసొని రోజూ ఫోన్ చేసేటోడు. "ఫికర్ చెయ్యకుండ్రి, జీతం వస్తది" అనేటోడు. ఆయన గా మాట అన్నప్పుడల్లా మాకు ఫికర్ ఇంకింత పెరిగేది. ఇక్కడ కాలేజోళ్లు ఫీజు కట్టకుంటే హాల్‌టికెట్ ఇయ్యమన్నరు. హాల్‌టికెట్ లేకుంటే పరీక్ష లేదు, పరీక్ష పోతే ఏడాది పోయినట్టే.

అందరు మొత్తుకుంటే కాలేజోళ్లు జర మెత్తవడ్డరు. ఇంట్ల సంపాదించే మనిషికి పని పోయినా, జీతం ఆగినా, ట్యూషన్ ఫీజుల నాలుగో వంతు తగ్గిస్తమన్నరు. దానికి ఒక సారు వీడియో కాల్ల అవ్వయ్యలతోని మాట్లాడి రిపోర్టు రాస్తడు. మా వంతుకు లెక్కల సారు వచ్చిండు.

ఇప్పుడు మీరే చెప్పుండ్రి. బాపుకు జీతం లేదన్నది నిజం. గా ఒక్క మాట చెప్తే పని అయిపోతుండె. కాని నా కండ్లకు గా నిజం పలుచగ కనవడ్డది. దానికి మసాలా దట్టియ్యాలె అనుకున్న. గక్కడనే నా బుద్ధి గడ్డి తిన్నది.

"అవ్వా, రేపు సారు మాట్లాడ్తడు. పొలం కాడికి కట్టుకపోతవు చూడు, గా పాత చీర కట్టుకో" అన్న.

"ఎందుకురా?"

"మనం కష్టంల ఉన్నమని తెల్వాలె గద."

"సారు మొదటిసారి మనింటికి వస్తుంటే మాసిన చీర కట్టుకొని కూసోవాల్నా?"

"ఇంటికి రాడవ్వా, ఫోన్ల వస్తడు."

"ఫోన్ల వస్తే ఇల్లు కనవడదా?"

"కనవడ్తది. గందుకే ఇల్లు సుత జర పాడు పెడ్దాం."

వీన్ని దవాఖానకు తీస్కపోవాల్నా వద్దా అన్నట్టు అవ్వ నన్ను కిందికి మీదికి చూసింది.

నేను ఆగితే గద. ఫ్రిజ్‌ను వంటింట్లకు నూకిన. కుర్చీలు దాచి పాత మంచం తెచ్చి వేసిన. ఒక్క టీవీ తోనే కష్టమొచ్చింది. మా ఇంట్ల సిగ్నల్ ముందటి అర్ర కిటికీ కాడనే దొరుకుతది, అక్కడ కూసుంటే సరిగ్గ ఎనుక టీవీ. బాపు పోయినసారి వచ్చినప్పుడు తెచ్చిన టీవీ, తలుపంత ఉంటది. గోడకు బిగించినదాన్ని పీకుడు నాతోని కాలే. దాని మీద నల్ల చద్దరు కప్పిన. దూరంకెల్లి చూసి నన్ను నేనే మెచ్చుకున్న.

ఇగ అవ్వకు మాటలు నేర్పిన. "బాపుకు జీతం లేదు, ఇల్లు గడుస్తలేదు, దయచూడుండ్రి సారూ అను. అంతే."

"నేననను" అన్నది అవ్వ. "ఊళ్లె ఒక్కలకు చెప్పలే. సారుకెందుకు చెప్పాలె?"

ఆమె మాట సుత తీసేసేది కాదు. మస్కట్ జీతం ఆగిందని తెలిస్తే మా ఊళ్లె కిరాణం కొట్టు మనిషి సామాను తూచుతూ తూచుతూ ఒకపారి మొఖం దిక్కు చూస్తడు. గా చూపు అవ్వకు పడదు. అందుకే నెలలసంది ఎవ్వలడిగినా "మా ఆయనకేంది, రాజు లెక్క ఉన్నడు" అని చెప్పుకుంట వస్తుంది.

తెల్లారి లేచి చూస్తే వాకిలంత ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గేసి ఉన్నది. అవ్వ మా మేనమామ బిడ్డ పెండ్లికి కొన్న పట్టుచీర కట్టుకొని, తలకు నూనె పెట్టుకొని మంచం మీద కూసున్నది. పక్కన రెండు కప్పుల చాయ.

"ఫోన్ల వచ్చే మనిషికి ముగ్గెందుకే?" అన్న.

"వస్తడన్నది నువ్వే గద" అన్నది.

చీర మార్పిద్దామనేసరికి ఫోన్ మోగింది. తెర మీద లెక్కల సారు. ఇస్త్రీ చేసిన అంగీ, నున్నగ దువ్విన తల. "నమస్తే అమ్మా" అన్నడు. "నమస్తే సారూ, చాయ తాగుండ్రి" అని అవ్వ కప్పు ఫోన్ కాడికి జరిపింది. సారు నవ్విండు. నవ్వి, ఉన్నట్టుండి నా ఎనుక దిక్కు చూసి మొఖం మార్చుకున్నడు.

"తిరుపతీ, మీ ఎనుక నల్లగ కప్పుకొని ఉన్నదెవరు? ఇంట్ల ఎవరికన్న బాగలేదా?"

రోగమంటేనే జనం ఉలిక్కిపడే రోజులు. నేను ఊకుంటే అయిపోతుండె. నా నోరు ఊకోలే.

"మా తాత సార్. జర పానం బాగలేదు."

"మీ తాత పోయి ఎన్నేండ్లాయెరా?" అన్నది అవ్వ. గొంతుల కోపం సుత లేదు, అనుమానమే ఉన్నది. ఎనుకకు మల్లి చూసి, లేచి, చద్దరు పట్టుకొని ఒక్క గుంజు గుంజింది. నున్నటి టీవీల అవ్వ పట్టుచీర, నా మొఖం రెండూ తళతళ మెరిసినయి.

"టీవీ సారూ. వీళ్ల బాపు మస్కట్ నుంచి తెచ్చిండు. మీకు కనవడొద్దని వీడు దాచిండు. ఫ్రిజ్ సుత ఉన్నది, వంటింట్ల పెట్టిండు. చూస్తరా?"

సారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు. భుజాలు మాత్రం కదులుతున్నయి. నాకైతే ఫోన్‌ల చార్జింగ్ అయిపోతే బాగుండనిపించింది. అది నిండుగ ఉన్నది.

నవ్వు ఆగినంక సారు అడిగిండు. "మీ ఆయన ఎట్లున్నడమ్మా?"

నేను మంచం కిందికెల్లి అవ్వ కాలు గిల్లిన.

"మంచిగున్నడు సారూ" అన్నది అవ్వ. నా రాయితీ గంగల కలిసింది. గంతటితోని ఊకుంటదా, మాట కలిపింది. "మీరు ఏం కూర వండుకున్నరు సారూ?"

"పచ్చిపులుసమ్మా."

"నిన్న?"

సారు ఆలోచించిండు. "నిన్న సుత పచ్చిపులుసే."

రోజూ కూర లేని పులుసేందని అవ్వ ఫోన్ దగ్గరికి వంగింది. "జీతం వస్తుందా సారూ?"

సారు మొఖం ఆగిపోయింది. నెట్ ఆగిందనుకున్న. ఆగలే. సారు మెల్లగ అన్నడు. "మొదలు సగం ఇచ్చిన్రమ్మా. ఇప్పుడు అది సుత లేదు. పిల్లల ఫీజులు వస్తే ఇస్తమంటున్రు."

నెలసంది ఫీజు గురించి జోకులు రాసుకుంట తిరిగిన గని, గా ఫీజు ఎవ్వల కంచంల పడ్తదో ఒక్కనాడు ఆలోచన రాలే. అవ్వ కొంగుతోని మొఖం తుడుచుకున్నది.

"మా ఆయనకు సుత జీతం లేదు సారూ, శాన నెలలాయె. ఎవ్వలకు చెప్పలే. ఇప్పుడు మీకే చెప్తున్న."

సారు రిపోర్టు కాయిదం ముంగట పెట్టుకొని, "నాకు గీ మాటే కావాలమ్మా. నాలుగో వంతు తగ్గియ్యమని రాస్త" అన్నడు. చూసిన్రా, నిజం ఎంత సులువుగ పని చేసిందో. నేను లోపల ఎగిరి గంతేసిన. కాళ్లు నేల మీదికి రాకముందే అవ్వ నోరు తెరిచింది.

"ఇట్ల అందరికీ తగ్గించుకుంట పోతే మీ జీతం ఎక్కడికెల్లి వస్తది సారూ?"

"గది నా పరేషానమ్మా, మీది కాదు."

"వద్దు సారూ, తగ్గియ్యకుండ్రి. మొత్తం కడ్తం. కాకపోతే ఒక్కసారి కట్టుమనకుండ్రి. వడ్లు అమ్మినంక కొంత, ఆయనకు జీతం వచ్చినంక కొంత. పిలగానికి హాల్‌టికెట్ మాత్రం ఆపొద్దు."

"అవ్వా" అన్న నేను. "నువ్వు ఊకోరా" అన్నది అవ్వ. "సరేనమ్మా" అన్నడు సారు. ముగ్గురం మాట్లాడినం గని, చెల్లిన మాట ఒక్కటే.

ఇంకా అయిపోలే. సారు మా ఊరికి దగ్గర్ల మంచిర్యాల్లనే ఉంటున్నడని అడిగి తెలుసుకొని, "మా పొలంల పండిన బియ్యమున్నయ్, వీనితోని పంపుత. వద్దంటే నా మీద ఒట్టే" అని ఫోన్ పెట్టేసింది.

తెల్లారి లాక్‌డౌన్ సడలించిన టైంల బండి మీద బియ్యం బస్తా కట్టుకొని బయలెల్లిన. మంచిర్యాల మొదట్ల పోలీసాయన ఆపిండు.

"బస్తా ఎక్కడికి?"

"మా లెక్కల సారు ఇంటికి సార్."

"ఎన్ని సబ్జెక్టులు పోయినయ్?"

"ఒక్కటి సుత పోలే సార్. ఫీజు తగ్గించుమని అడగనీకి పోయినం."

"తగ్గించిండా?"

"తగ్గిస్తమన్నడు సార్. మేమే వద్దన్నం."

ఆయన మాస్కు కిందికి గుంజి నా కండ్లల్లకు చూసి, పానం బాగలేనోన్ని ఆపినట్టున్న అనుకున్నడో ఏమో, పొమ్మని చెయ్యి ఊపిండు. సారు ఇంటి ముంగట బస్తా దించిన. సారు, ఆయన భార్య ఇద్దరు కలిసి లోపలికి పట్టుకపోయిన్రు. సారు మల్ల బయటికి వచ్చిండు. "ఇంటిగ్రేషన్ల నువ్వు కచ్చాగ ఉన్నవు, రోజు సాయంత్రం ఫోన్ చెయ్యి, చెప్త" అన్నడు. చెప్పిండు సుత. లెక్కలల్ల నాకు అన్ని మార్కులు ముందు రాలే, తర్వాత రాలే. ఫీజు వడ్ల పైసలతోని కొంత, ఆగాగి వచ్చిన బాపు జీతంతోని కొంత, మొత్తం కట్టినం.

బియ్యం ఇచ్చి వచ్చిననాడు పొద్దుమీకి బాపు ఫోన్ చేసిండు. "ఏమైందిరా, రాయితీ ఇచ్చిన్రా?"

"ఇచ్చినం బాపూ."

"ఇచ్చినం ఏందిరా, ఇచ్చిన్రు అనాలె."

"లేదు బాపూ, మనమే ఇచ్చినం. సారుకు."

బాపు అక్కడ ఎంతసేపు నవ్విండో, రూములున్నోళ్లందరు లేచి ఏమైందని అడిగిన్రట. చాన దినాలకు నవ్విండని అవ్వ మురిసింది. నేను మాత్రం దేవుని పటం ముంగట నిలవడి, కండ్లు మూసుకొని, గంభీరంగ ప్రమాణం చేసిన. ఇగ జన్మల ఎవ్వల తాన ఏం తగ్గించుమని అడగాల్సి వచ్చినా, మా అవ్వను ఎంట తీస్కపోను గాక తీస్కపోను.

గా ప్రమాణం సంగతి ఆమెకు సుత చెప్పిన. "మంచిదే బిడ్డా" అన్నది అవ్వ. "ఈసారి నేనొక్కదాన్నే పోత."