కొమురెల్లి కారుకు మీటర్లు

గోదావరిఖని బొగ్గుబావిలో కొమురెల్లి ఇరవై ఏళ్లకు పైగా పైకప్పును కర్రతో తట్టి చూసే పని చేశాడు. మోత గట్టిగా వస్తే మనుషులు కింద పని చేయవచ్చు, బోలుగా వస్తే పరుగెత్తాలి. రిటైరైన తరువాత వేములవాడ యాత్రికులకు కిరాయి కారు నడుపుతూ, ఇంజన్‌ను కూడా చెవితోనే కనిపెట్టేవాడు. నిరుడు ఆ ఇంజన్ దారిలోనే పట్టేసింది. అంతకుముందు అది ఎంత మొత్తుకున్నా ఆయనకు వినిపించలేదు. ఆ సంగతి ఇంట్లో కూడా చెప్పలేదు.

కొత్త కారు కొనగానే, వేడికొకటి, ఆయిల్‌కొకటి మీటర్లు పెట్టించడానికి దాన్ని బజారులో కార్ల వైరింగ్ పని చేసే ముకర్రం దుకాణానికి తెచ్చాడు.

"కొత్త బండికి గివెందుకు కాకా?" ముకర్రం ఎదురుగా నిలబడి అడిగాడు. "వేడెక్కితే ఎర్ర లైటు వస్తది. వైర్లు కోస్తే గ్యారంటీ పోతది."

"లైటు వచ్చేసరికి ఇంజన్ సస్తది. నువ్వు పెట్టురా."

అప్పుడే, రోడ్డంచున నిలబడ్డ కొమురెల్లి వెనుక నుంచి ఒక లారీ హారన్ మోగిస్తూ వచ్చింది. ఆయన కదలలేదు. ముకర్రం ఆయనను రెక్క పట్టి పక్కకు లాగాడు. లారీ వెళ్లిపోయాక మళ్లీ ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"ఇంజన్‌కు మీటర్లు పెడ్తా కాకా. ఎనుక లారీ వస్తుందని చెప్పే మీటర్ యాడికెళ్లి తేవాలె?"

కొమురెల్లి అతని పెదవుల వంకే చూస్తూ నిలబడ్డాడు. మనిషి తన లోపాన్ని యంత్రానికి అంటగట్టి, దానికి వైద్యం చేయించడం కొత్త కాదు. ఆ భ్రమ తొలగిన చోట ఆయనకు జ్ఞానం మిగల్లేదు. బతుకుతెరువు మాత్రం పోయింది.

తాళంచెవి ముకర్రం చేతిలో పెట్టి, "ఇంటిదాంక నువ్వే తోలు" అని పక్క సీట్లో కూర్చున్నాడు.