చేప మెట్టు కనబడని ఫొటో

పోయినేడు వేసవిలో బెజవాడ పేపర్లో పడిన మా ఊరి కాలవ ఫొటోలో, రేవు మెట్టు మీద అటు తిరిగి కూర్చున్న ఆడమనిషి నేనే. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకు కూడా. రోజూ డైరీ రాసే అలవాటున్న దాన్ని, ఆ రోజు మాత్రం ఎండ బాగా ఉందని రాసి ఊరుకున్నాను.

మాది కంకిపాడు దగ్గర ఊరు. మా బాబాయి ఆ పేపరుకు ఏజెంటు, విలేకరి కూడా. పొద్దున మొదటి బస్సులో వచ్చిన కట్ట విప్పి సైకిలు మీద ఇంటింటికీ వేసేవాడు. సాయంత్రం వార్తలు రాసి బెజవాడ బస్సులో పంపేవాడు. మిగిలిపోయిన పేపర్లన్నీ నావే. వంటింటి గుమ్మంలో కూర్చుని ఆఖరి అక్షరం దాకా చదివేదాన్ని.

ఏటా ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లు వదిలేలోపల అడుగున పేరుకున్న పూడిక ఎత్తి గట్టున పోయించాలి. మా వైపు ఆ కంట్రాక్టు మా పంచాయతీ సమితి ప్రెసిడెంటు బావమరిదిది. ఆయన మనుషులు గట్టు మీద గడ్డి చెక్కి, నాలుగు తట్టల కొత్త మట్టి చల్లేవాళ్లు. పని అయిపోయిందని బిల్లు తీసుకునేవాళ్లు. నీళ్లు వచ్చాక అడుగుకు దిగి చూసేదెవరు? ఇంత సుఖమైన దొంగతనం ఇంకోటి ఉండదు. దొంగ ఏమీ దాచుకోనక్కర్లేదు, కాలవే దాచిపెడుతుంది.

మా రేవులో అట్టడుగు మెట్టు మీద చేప బొమ్మ చెక్కి ఉంది. నా చిన్నప్పుడు ఒక ఏడాది పూడిక సరిగ్గా తీస్తే అది బయటపడింది. ఆడవాళ్లమంతా వెళ్లి చూశాం. ఆ తర్వాత మళ్లీ కనబడలేదు. ఈ సంగతి బాబాయితో అన్నది నేనే. ఆయన వెంటనే బెజవాడ వెళ్లి, వన్ టౌన్‌లో స్టూడియో ఉన్న ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు.

"ఉత్త మెట్లు తీస్తే ఏం తెలుస్తుందండీ? మట్టి ఎంత ఎత్తుందో తెలియాలంటే పక్కన మనిషుండాలి," అన్నాడు స్టూడియో ఆయన.

మిట్టమధ్యాహ్నం, గట్టు మీద ఎవరూ లేరు. బాబాయి నా వైపు చూశాడు. "అటు తిరిగి కూర్చోవే. మొహం పడదులే," అన్నాడు. మట్టి పైకి కనబడుతున్న చివరి మెట్టు మీద కూర్చున్నాను. కాళ్లు ఎండిన మట్టికి ఆనాయి. మిగతా మెట్లూ, వాటి కింద చేపా ఆ మట్టిలోనే ఉన్నాయి.

ఫొటో అచ్చు కావాలంటే దానికి లోహపు బ్లాకు చేయించాలట. ఆఫీసువాళ్లు ఇవాళా రేపని తిప్పారు. "నీళ్లు వదిలాక వేస్తే ఏం లాభమండీ?" అని బాబాయి వాళ్ల చుట్టూ తిరిగి తిరిగి, చివరికి మూడో పేజీలో వేయించాడు. ఆ రోజు కాపీలు చాలలేదు. టీకొట్ల దగ్గర ఒకరు చదువుతుంటే పదిమంది విన్నారు. ఇక ప్రెసిడెంటు ఏం చెబుతాడో చూద్దామనుకున్నాను.

ఆయన నేరుగా బెజవాడ వెళ్లాడు. అక్కడ ఎవరిని పట్టుకున్నాడో, ఆ వారంలోనే, చెప్పిన రోజుకంటే ముందే కాలవలకు నీళ్లు వదిలారు. నారుమళ్లు పోసుకోవచ్చని ఊరంతా గట్టు మీదికి పరిగెత్తింది. ఆడవాళ్లు కొత్తనీటికి పసుపూ కుంకుమా వేశారు. మా అమ్మా వేసింది. ప్రెసిడెంటు తెల్లటి బట్టల్లో, ఆ నీళ్లు తనే మోసుకొచ్చినట్టు నిలబడ్డాడు.

"ఏమోయ్ విలేకరీ, ఏదీ నీ మట్టి? దిగి చూపించవయ్యా, మేమూ చూస్తాం!" అన్నాడు బాబాయిని చూసి.

అందరూ నవ్వారు. పొద్దున బాబాయి చేతుల మీదుగా పేపరు తీసుకున్నవాళ్లే.

తర్వాత ప్రెసిడెంటు పేపరు వాళ్ల మీదికి వెళ్లాడు. ఆ ఫొటో మా ఊరిదే కాదనీ, పరువునష్టం దావా వేస్తాననీ బెదిరించాడు. ఆఫీసు వాళ్లు బాబాయిని పిలిపించారు. ఊళ్లో ఎవరైనా ఇది మా రేవేనని సంతకం పెట్టాలి, లేదా ఆ మెట్టు మీద మనిషిని తీసుకురావాలి. రెండూ కాకపోతే నీ విలేకరి పని ఇక లేనట్టే అన్నారు.

బాబాయి ఇల్లిల్లూ తిరిగాడు. "నీళ్లొచ్చాక ఇంకా మట్టి గొడవేంటయ్యా?" అన్నారు. చేపను చూసిన ఆడవాళ్లు కూడా మొగుళ్ల వెనక నిలబడి గోళ్లు చూసుకున్నారు.

"నేను వస్తాను బాబాయ్. నేనేనని చెబుతాను," అన్నాను. పదిమందిలో నోరు విప్పని దాన్ని, ఆ మాట ఎలా అన్నానో తెలియదు.

"నోర్ముయ్. నీ పేరు పేపర్లో పడితే రేపు ఈ ఊళ్లో ఎన్ని నోళ్లు లేస్తాయో తెలుసా? ఫొటో దిగడానికి ఎవడితో వెళ్లావంటారు. మీ అమ్మకేం చెప్పను?"

ఆయన నన్ను కాపాడాననుకున్నాడు. అందుకు ఆయన మీద నాకు ఇప్పటికీ కోపమే. నన్ను అడక్కుండానే కూర్చోబెట్టాడు, అడక్కుండానే దాచేశాడు.

మూడో పేజీలో పడిన వార్తకు మొదటి పేజీలో ఖండన వేశారు, చుట్టూ గీతల గడి కట్టి, ప్రెసిడెంటు గారికి కలిగిన బాధకు చింతిస్తున్నామంటూ. పత్రికలకు నాయకులు భయపడతారని పుస్తకాల్లో చదువుకున్నాను. ఆ పుస్తకాలు రాసినవాళ్లను మా కాలవ గట్టు మీద నిలబెట్టాలనిపించింది. వారం తిరక్కుండా బాబాయి విలేకరి పనీ, ఏజెన్సీ పోయాయి. ప్రెసిడెంటు చుట్టూ తిరిగే ఒకడు కొత్త విలేకరి అయ్యాడు. బాబాయి సైకిలు అరుగు పక్కన చేరింది. ఆయన పేపరు చదవడమే మానేశాడు.

ఈ వేసవిలో కాలవ కట్టేశాక రేవు దగ్గర పూడిక తీస్తున్నారని తెలిసింది. నమ్మలేక వెళ్లాను. నిజమే. ఆ ఫొటోలో పడినంత మేర మాత్రం, మెట్లకు అటూ ఇటూ, అద్దంలా తవ్వారు. దానికి అవతలంతా మట్టి ఎప్పటిలాగే దిబ్బలుగా ఉంది. మెట్లన్నీ బయటపడ్డాయి. అట్టడుగున చేప, దాని మీద ప్రెసిడెంటు చెప్పుల కాళ్లు. కొత్త విలేకరి ఫొటోగ్రాఫరును తెచ్చాడు. కాలవ ఎంత శుభ్రంగా ఉందో పేపర్లో వేస్తారట.

ఈ ఫొటో పడితే పోయినేటి ఫొటో పక్కన పెట్టి చూడొచ్చు, అదే రేవని గుడ్డివాడికైనా తెలుస్తుంది అనుకుంటూ గట్టు మీద నిలబడ్డాను. నా మొహంలో ఏం కనబడిందో, ప్రెసిడెంటు తలెత్తి చూశాడు. ఫొటోగ్రాఫరు ఫిల్ము మార్చుకుంటున్నాడు. ప్రెసిడెంటు మెట్లెక్కి నా దగ్గరికి వచ్చాడు. మిగతావాళ్లకు వినబడకుండా, ఇంట్లో పెద్దవాడు పిలిచినంత మెత్తగా అన్నాడు:

"రామ్మా, వచ్చి కూర్చో. ఈసారి ఇటు తిరుగు."