తూకాలక్క కూతురి తెలివికి తూకం

తూకాలక్క కంటిచూపుతోనే లారీని తూచేస్తుంది. అంతేనా, డ్రైవరు పొద్దున ఏం తిని బయల్దేరాడో దాన్ని కూడా గ్రాములతో సహా తీసేసి, అసలు సరుకెంతో చెప్పేస్తుంది. నమ్మనివాళ్లు నమ్మకపోయినా లారీ బరువేం తగ్గదు.

కాటాలు బాగుచేయడం ఆమె పని. మంచమంత కొట్టు. గోడకు పాత తక్కెడలు, బల్ల మీద విప్పి పడేసిన ఎలక్ట్రానిక్ కాటాలు, చెక్కపెట్టెలో వరసగా తూకంరాళ్లు. ఆ రాళ్లను వట్టి చేత్తో ముట్టదు, బట్టతో పట్టుకుంటుంది. చేతి జిడ్డు కూడా బరువేనంటుంది.

ఐదేళ్ల కూతురు ఆ బల్ల కిందే పెరిగింది. మూడేళ్లకే కాటా మీది అంకెలు చదివింది. ఇక ప్రశ్నలంటారా, ఆ పిల్ల ఒక్కరోజు ప్రశ్నలకు జవాబులు చెప్పాలంటే ఏడుగురు పండితులు వంతులు వేసుకోవాలి, అందులో ఇద్దరు మధ్యలోనే పారిపోవాలి. "అమ్మా, ఏడిస్తే బరువు తగ్గుతామా?" అని అడిగి, తేల్చుకోవడానికి కాటా ఎక్కి మరీ ఏడ్చింది.

ఈ సంగతి బడిదాకా పాకింది. "మీ పాప మామూలు పిల్ల కాదు, ఈ నెలలోనే తెలివితేటల పరీక్ష చేయిద్దాం" అని హెడ్మాస్టరు కబురు పెట్టాడు. కబురు మోసుకొచ్చిన ఆడపడుచు ఉత్తచేతులతో రాలేదు. అలాంటి పరీక్షలకు తర్ఫీదిచ్చే పుస్తకం కూడా కొనుక్కొచ్చింది.

"నువ్వు నీ కాటాల్లో తలదూర్చుకో. పిల్ల సంగతి నేను చూసుకుంటా."

"దానికింకా పాలపళ్లే ఊడలేదు వదినా."

"పళ్లతో రాస్తారటే పరీక్ష?"

పది రోజులు ఆ పుస్తకాన్ని పిల్లకు రుద్దింది. పదకొండో రోజు పిల్ల బల్ల కింద నోరు మూసుకొని కూచుంది. తల్లే రెండు రాళ్లు తీసి పలకరించింది. "ఏది బరువో చెప్పవే." ఎప్పుడూ చేతుల్లోంచి లాక్కునే పిల్ల, చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఇది పరీక్షలో ఉందా అమ్మా? తప్పు చెప్తే మామూలు పిల్లనైపోతానా?"

తూకాలక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎక్కదా మరి! ప్రశ్నల పుట్టను పట్టుకొని పది రోజుల్లో మూగదాన్ని చేశారు, పైగా దానికి తెలివి పరీక్ష అని పేరు! తక్కెడ ముల్లు ఇంకా ఊగుతుండగానే తూకం చదివే వ్యాపారిని బజారులో నలుగురూ నిలదీస్తారే, ఊగే ముల్లును వేలితో అదిమిపట్టి చదివేవాళ్లనేం చేయాలి?

మర్నాడే బడికి వెళ్లింది.

"పరీక్ష ఎందుకండీ?"

"తెలివి ఎంతుందో తెలియాలి కదమ్మా."

"తెలిశాక దానికేం నేర్పుతారు?"

"అందరితోపాటే. ఇదే క్లాసు, ఇవే పుస్తకాలు."

"మరి తెలుసుకొని ఏం చేస్తారు?"

"ఫోటో పెద్దది చేయించి గేటుకు కడతాం!"

"అదేదో వచ్చే ఏడు చేస్తే?"

"అడ్మిషన్లు వచ్చే నెల్లోనే కదమ్మా."

ఆహా! పిల్ల తెలివి పిల్లకు అక్కర్లేదు, గేటుకు కావాలి! ఆరో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టేసిన ఘనులు ఈ వీధిలో ఉన్నారు, ఈ కథ రాస్తున్నవాడితో కలిపి. అలాంటివాళ్లకు అర్థమైన ముక్క ఆ పెద్ద కుర్చీకి అర్థం కాలేదు.

తర్వాతి సంగతి వీధంతా చెప్పుకుంటున్నదే. తూకాలక్క హెడ్మాస్టరును కుర్చీతో సహా ఎత్తి కాటా మీద పెట్టిందట. కుర్చీ బరువు తీసేస్తే మిగిలింది సున్నా అట. ఆడపడుచు పుస్తకాన్ని నాలుగు పేలికలు చేసి, పరీక్ష అన్న మాట జన్మలో ఎత్తనని అందరిచేతా ఒట్టేయించిందట.

ఇదంతా నేను వెళ్లి ఆమె ఎదుటే చెబితే, మరమేకు బిగిస్తూ తల కూడా ఎత్తలేదు.

"ఎవర్నీ ఎత్తలేదు. ఇప్పుడొద్దని కాగితం మీద రాసిచ్చి వచ్చా, అంతే. పాఠాలు దానికి చాలని రోజో, తలకెక్కని రోజో వస్తే, ఆ రోజు నేనే పరీక్షకు తీసుకెళ్తా. పుస్తకం వదిన పట్టుకుపోయింది. పిల్లంటావా, నిన్న మళ్లీ ఒక ప్రశ్న అడిగింది. ఒక్కటే."